సీజే3బీ జీపు గేర్ బాక్స్ బెజవాడ ఆటోనగర్‌లో చేయించా, నా రివ్యూ

బోర్డు కూడా లేని రేకుల షెడ్డు అది. పెద్దాయన మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు, అంతే. మా బండి మహీంద్రా సీజే3బీ, నాన్నగారు డిస్పోజల్‌లో కొన్నది, అందరూ డీజిల్ పెట్టించుకోండి అని చెవిలో పోరినా ఆ హరికేన్ పెట్రోల్ ఇంజనే ఉంచాం. గేర్ బాక్స్ మూడు గేర్ల టీ-90.

ప్రాబ్లం ఏంటంటే మారేడుమిల్లి ఘాట్ దిగుతూ సెకండ్‌లో ఇంజన్ మీద బండిని ఆపుకుంటూ వస్తుంటే, యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానే లివర్ టక్కున న్యూట్రల్‌కి వచ్చేసేది. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో లివర్ నొక్కి పట్టుకుని ఘాట్ మొత్తం దిగా, పక్కన మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది. ఫస్ట్ గేర్ గరగర సంగతి సరేసరి, అది నా చిన్నప్పట్నుంచీ ఉంది.

నేను చేసిన తప్పు పని ముందే చెప్పేస్తా, ఆన్‌లైన్‌లో గేర్ కిట్ చూసి 14 వేలు పెట్టి తెప్పించేశా, ఎవరి దగ్గరో ఇప్పుడెందుకులెండి. అది సంచిలో వేసుకునే షెడ్డుకి వెళ్లా.

ఫ్లోర్ రేకు విప్పి, కింద క్రాస్ మెంబర్ ఊడదీసి, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి పవర్ పంచే పెట్టె) రెండూ కలిపే చైన్ పుల్లీతో దింపారు. ఓపెన్ చేశాక మేస్త్రీ గారు నన్ను పిలిచి సెకండ్ గేర్ చేతిలో పెట్టి "పళ్ల మీద వేలు పెట్టి చూడు బాబూ" అన్నారు. స్లీవ్ (గేర్ వేస్తే జరిగే కడియం) వచ్చి పట్టుకోవాల్సిన ఆ చిన్న పళ్లు సగం చప్పరించిన నిమ్మతొనల్లా నున్నగా అరిగిపోయి ఉన్నాయి, స్లీవ్ లోపలి పళ్లూ అంతే. ఇంక పట్టు ఎక్కడుంటుంది, లోడ్ రివర్స్ అవగానే జారిపోతుంది. ఫస్ట్ గేర్ పళ్ల అంచులు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయాయి, ఫస్ట్‌కి సింక్రో (గేర్ పడే ముందు వేగాలు కలిపే రింగు) లేదు కదా, బండి పూర్తిగా ఆగకుండానే ఫస్ట్ వేసే అలవాటు నాన్నగారిది, తర్వాత నాది కూడా.

నేనైతే అరిగిన గేర్లు మార్చేస్తే అయిపోద్ది అనుకున్నా. ఆయన కౌంటర్ షాఫ్ట్ (గేర్ బాక్స్‌లో కింది షాఫ్ట్) థ్రస్ట్ వాషర్లు, అంటే గేరు అటూ ఇటూ జరక్కుండా ఆపేవి, చూపించారు, అరిగి పల్చబడి గేరు మొత్తం ముందుకీ వెనక్కీ ఆడుతోంది. "ఇది వదిలేసి గేరు ఒక్కటే వేస్తే ఆర్నెల్లకి మళ్లీ నా దగ్గరికే వస్తావ్." ఇంజన్ క్రాంక్‌లో ఉండి గేర్ బాక్స్ షాఫ్ట్ కొసని మోసే పైలట్ బుష్, టాప్ కవర్‌లో లివర్‌ని గేర్‌లో పట్టి ఉంచే స్ప్రింగులు కూడా మార్చారు.

ఇంక నా కిట్. ఆయన ఏం మాట్లాడకుండా ఆకురాయి తీసి మా పాత గేరు పంటి మీద ఒక్క గీత గీశారు, గాజు మీద గీసినట్టు జారిపోయింది. అదే ఆకురాయి నా కొత్త గేరు మీద పెడితే పట్టుకుని పొడి రాలింది. హార్డెనింగే, అంటే లోహాన్ని గట్టిపరచడమే, సరిగా లేదన్నమాట. 14 వేలు అలా పొడిగా రాలడం కళ్లారా చూశా! ఆటోనగర్‌లోనే ఆయన తెలిసిన చోట గేర్లు తెప్పించి, వాటినీ ఆకురాయితో గీసి చూసి, నచ్చని ఒక సెట్టు వెనక్కి పంపారు, ఒకదానితో ఒకటి తిరిగే గేర్లు జతగానే మార్చారు.

ఫిట్టింగ్ రోజు నేనక్కడే ఉన్నా. కౌంటర్ షాఫ్ట్ గేరు లోపల నీడిల్స్‌కి, అంటే సన్నటి బేరింగ్ కడ్డీలకి, గ్రీజు పూసి ఒక్కోటీ అతికించి, పడిపోకుండా మధ్యలో డమ్మీ షాఫ్ట్ పెట్టి, కేస్‌లో కూర్చోబెట్టాక అసలు షాఫ్ట్ తోస్తుంటే డమ్మీ అటు బయటికి వచ్చేసింది. కుర్రాడికి ఒకటి జారి కింద పడితే మొత్తం విప్పించి మళ్లీ లెక్కపెట్టించారు. గేర్ ఆయిల్ మాత్రం 90 నంబరు, జీఎల్-4 రకం తెమ్మన్నారు, జీఎల్-5 వద్దంట, అందులో కలిపే సల్ఫర్ మందు ఇత్తడి సింక్రో రింగులకి పడదు.

నచ్చనివి కూడా రాయాలిగా. నాలుగు రోజులన్నారు, పదకొండు పట్టింది. బిల్లు లేదు, సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క. మజూరీ 8,500, సామాన్లు 17 వేలు దాకా. ఇంటికొచ్చిన వారానికి ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక సీల్ కారింది, మళ్లీ బెజవాడ దాకా పోవాల్సొచ్చింది, డబ్బు తీసుకోలేదు గానీ డీజిల్ బండి కాదు కదా నాది, పెట్రోల్ ఖర్చు నాదే.

600 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చా, పెద్ద ముక్కలేం రాలేదు. మారేడుమిల్లి మళ్లీ దిగా, సెకండ్ కదల్లేదు, మా ఆవిడ దారంతా మాట్లాడుతూనే ఉంది. రివర్స్ ఇంకా కొంచెం మూలుగుతుంది, దానికి "వెనక్కి ఎంత దూరం పోతావేంటి, వదిలెయ్" అన్నారాయన.

వెళ్లేవాళ్లు ఫోన్ చేసి వెళ్దామనుకోకండి, ఎత్తరు. పొద్దున తొమ్మిదికి బండేసుకుని నేరుగా వెళ్లిపోవడమే.