.38 స్పెషలా, .357 మ్యాగ్నమా: రెండూ కాల్చాక నా రివ్యూ

రివాల్వర్ కొనాలనుకునే ప్రతివాడూ ఎక్కడో ఒకచోట ఈ రెండు రకాల తూటాల్లో ఏదన్న డౌటు దగ్గర ఆగిపోతాడు. నా జవాబు ముందే చెప్పేస్తా, గన్ను .357ది కొనండి, కాల్చేటప్పుడు మాత్రం ఎక్కువ శాతం .38లే కాల్చండి.

రెండిట్లో బుల్లెట్ మందం ఒకటే, 0.357 అంగుళం. తేడా అంతా కేస్ (పౌడర్‌నీ బుల్లెట్‌నీ పట్టి ఉంచే లోహపు గొట్టం) పొడవులో, లోపల పుట్టే ప్రెషర్‌లో. .38 స్పెషల్ 1898 నాటిది, నల్ల తుపాకీమందు కాలం సరుకు కాబట్టి కేస్‌లో చోటు బోలెడు, ఇప్పటి పౌడర్ పోస్తే లోపల చాలా ఖాళీ మిగిలిపోతుంది. 1935లో గన్నుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ వాళ్లు .357 తెచ్చినప్పుడు కేస్‌ని సుమారు 3.4 మిల్లీమీటర్లు పొడుగు చేశారు, పౌడర్ పట్టక కాదు, ఆ రౌండ్ (పూర్తి తూటా) పొరపాటున కూడా .38 గన్నులో దూరకూడదని. ఎందుకంటే .38 లిమిట్ 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్) అయితే దీనిది 35,000. అందుకే .357 గన్నులో .38 హాయిగా కాల్చుకోవచ్చు, అటుది ఇటు మాత్రం ఛాన్సే లేదు. కొన్ని మరీ పాత గన్నుల్లో ఛాంబర్ (తిరిగే సిలిండర్‌లో తూటా దూరే గది) ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే వెడల్పు ఉండి మ్యాగ్నమ్ దూరిపోతుంది కూడా, దూరింది కదా అని కాల్చారో అంతే సంగతులు.

ఇక చేతికి ఎలా ఉంటుందంటే, 4 అంగుళాల బ్యారెల్, కిలో పైన బరువున్న స్టీల్ రివాల్వర్‌లో .38 వేస్తే గన్ను కదిలినట్టే ఉండదు, 158 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకి 750 అడుగుల చిల్లర స్పీడుతో పోతుంది అంతే. ముందు భాగం చదునుగా ఉండే 148 గ్రెయిన్ వాడ్‌కట్టర్ దొరికితే అసలు వదలకండి, టార్గెట్ పేపర్ మీద పంచింగ్ మెషీన్‌తో కొట్టినంత నీటుగా గుండ్రటి చిల్లు పడుతుంది, స్కోరు లెక్కపెట్టుకోడానికి వాదనే ఉండదు. అదే గన్నులో అదే బరువు మ్యాగ్నమ్ బుల్లెట్ వేస్తే స్పీడు 1,200 దాటుతుంది, ఎనర్జీ రెండు రెట్ల పైమాటే, ఆ మంట, ఆ చప్పుడు చూసి పక్క లేన్‌లో వాళ్లు తలతిప్పి చూస్తారు. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పైన మఫ్స్ కూడా వేసుకోండి, ఇందులో మొహమాటం వద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదటిరోజే మ్యాగ్నమ్ ఇస్తే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకోవడం, చెయ్యి జర్కివ్వడం అలవాటైపోతుంది, తర్వాత ఆ అలవాటు మాన్పించడం నరకం.

400 గ్రాముల లోపుండే బుల్లి జేబు రివాల్వర్లలో అయితే నా ఓటు పూర్తిగా .38కే. అంత తేలిక గన్నులో మ్యాగ్నమ్ కాలిస్తే అరచెయ్యి మండిపోతుంది, రెండో షాట్‌కి మళ్లీ గురి కుదిరేసరికి తాతలు దిగొస్తారు. ఇంకో తలనొప్పి, ఆ కుదుపుకి ఇంకా కాల్చని రౌండ్లలోని బుల్లెట్లు కేస్‌లోంచి మెల్లగా ముందుకి జరిగి సిలిండర్ తిరక్కుండా పట్టేసే ప్రమాదం ఉంది. పైగా 2 అంగుళాల బ్యారెల్‌లో పౌడర్ పూర్తిగా పని చెయ్యడానికి టైమెక్కడిది, డబ్బు పెట్టి కొన్న పవర్‌లో కొంత మంటగా బయటే పోతుంది. ఎజెక్టర్ రాడ్ (కాల్చిన కేసుల్ని బయటికి తోసే కడ్డీ) కూడా పొట్టిదే కాబట్టి పొడుగు కేసులు పూర్తిగా బయటికి రాక గోళ్లతో లాగాల్సి వస్తుంది, .38 కేసులు టకటకా రాలిపోతాయి.

.357 గన్నులో రోజూ .38 వాడేవాళ్లకి ఒక పని తప్పదు. కేస్ పొట్టిది కదా, అది ఆగిన చోటు నుంచి ముందుకి ఛాంబర్‌లో మసి రింగులా పేరుకుంటుంది. ఒక్కోసారి చూస్తే కనపడదు కానీ మ్యాగ్నమ్ లోడ్ చేస్తే సగంలో గట్టిగా తగులుతుంది, కాల్చాక కేస్ ఇరుక్కుంటుంది. బలవంతంగా బొటనవేలితో నొక్కి తోసెయ్యకండి, సాల్వెంట్ వేసి కాసేపు నాననిచ్చి బ్రాస్ బ్రష్‌తో ప్రతి ఛాంబర్‌నీ తోమండి.

సెకండ్ హ్యాండ్‌లో .357 చూస్తుంటే, ముఖ్యంగా స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 లాంటి మీడియం ఫ్రేమ్ గన్ను అయితే, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని సిలిండర్ తెరిచి బ్యారెల్ వెనక మొదలు మీద టార్చ్ కొట్టి చూడండి. 110, 125 గ్రెయిన్ తేలిక మ్యాగ్నమ్‌లు తెగ కాల్చిన గన్నుల్లో అక్కడ కింది వైపు సన్నటి పగులు రావచ్చు, అది కనపడితే ధర ఎంత తగ్గించినా వద్దు.