నోటా నొక్కడమా, ఇంట్లో కూర్చోవడమా?

ఏ పార్టీ మీదా నమ్మకం లేనివాళ్లు ఎన్నికల రోజున చేసేది ఈ రెండింట్లో ఒకటి. ముందే చెప్పేస్తున్నా, నేను నోటా (అంటే ‘పైవాళ్లెవరూ వద్దు’ అనే ఓటు) వైపే, కానీ దాని మీద పెద్ద భ్రమలేం లేవు.

నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అంతకుముందు ఎవరికీ ఓటేయనని చెప్పాలంటే పోలింగ్ అధికారికి చెప్పి రిజిస్టర్‌లో రాయించి సంతకం పెట్టాలి, అంటే అక్కడే కూర్చున్న పార్టీ ఏజెంట్లందరికీ మన సంగతి తెలిసిపోతుంది, ఇంకేం రహస్యం! ఇప్పుడు ఈవీఎంలో చివరి బటన్, అంతే. గొడవ ఎక్కడంటే లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, దాని తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. డిపాజిట్ లెక్కలోకీ ఈ ఓట్లు రావు. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో నామినేషన్ వెనక్కి తీసుకుంటే నోటాకి 2 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. గెలిచినాయన దర్జాగా గెలిచాడు.

మరి ఇంట్లో కూర్చుంటే? ఎండలో క్యూ తప్పుతుంది, ఒప్పుకుంటా. కానీ మీరు కోపంతో రాలేదా, జ్వరమొచ్చి రాలేదా, సెలవు దొరికిందని ఊరెళ్లారా అనేది ఏ లెక్కలోనూ ఉండదు. పైగా బూత్‌లో ఏజెంట్ జాబితా ముందు పెట్టుకుని వచ్చినవాళ్ల పేర్లకి టిక్కులు కొడుతుంటాడు, సాయంత్రానికి టిక్కు పడని పేరు మీద ఎవడైనా దొంగ ఓటు వేసే అవకాశమూ లేకపోలేదు. నోటా ఓటు కనీసం ఫలితాల పట్టికలో అభ్యర్థుల పక్కన ఒక అంకెగా కనిపిస్తుంది.