పర్లాకిమిడిలో సైకిల్ టైరు మార్పిస్తున్నారా? ఎక్కించేదాకా అక్కడే ఉండండి

ఇంకా కోపం చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. షాపు పేరు రాయను, మన ఊళ్ళో గేరు సైకిళ్ళున్న వాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది.

మావాడి సైకిల్ 27.5 అంగుళాల చక్రాలది. వెనక టైరు అరిగిపోతే అక్కడే కొత్త టైరు, కొత్త ట్యూబు కొన్నాను, రెండూ కలిపి 1,450 రూపాయలు. బిల్లు అడగలేదు, అది నా తప్పే. ఇంట్లో నేనే ఎక్కిద్దామని కూర్చుంటే చివరి జానెడు ఎంతకీ రిమ్ములోకి దిగలేదు. సైజు తేడా ఏమీ లేదు, టైరు పక్కన 57-584 అని ఉంది, రిమ్ము మీదా 584 అనే ఉంది. టైరు అంచులో ఉండేది ఇనప తీగ, అది సాగదు. రెండు గంటలు లాగి బొటనవేళ్ళు బొబ్బలెక్కాక చక్రం పట్టుకుని షాపుకే వెళ్ళాను.

అతను పెద్ద స్క్రూడ్రైవర్లు రెండు తీశాడు. "అవి వద్దండీ, ట్యూబు తెగుతుంది, ప్లాస్టిక్ లివర్లు లేవా?" అన్నాను. "ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని బాబూ, నాకు నేర్పుతావేటి? సాయంత్రం రా" అన్నాడు. వచ్చేశాను. అక్కడే నిలబడాల్సింది.

సాయంత్రానికి టైరు ఎక్కింది, గాలి నిండుగా ఉంది, కూలీ 150 ఇచ్చాను. ఆదివారం తెల్లారుజామున ఇద్దరం మహేంద్రగిరి వైపు బయల్దేరాం. 1501 మీటర్ల కొండ, పైదాకా కాకపోయినా కొంతైనా ఎక్కాలని వాడు నెల రోజులుగా ఎదురుచూస్తున్నాడు. ఆరేడు కిలోమీటర్లు పోలేదు, వెనక చక్రంలో గాలి పోయింది. ఎండలో తోసుకుంటూ ఇంటికొచ్చి టైరు విప్పితే, ట్యూబు బయటికి లాగిన మావాడు "నాన్నా, ఇది మనం కొన్నది కాదు" అన్నాడు. నిజమే. నాలుగు ప్యాచీలు వేసిన పాత ట్యూబు! స్క్రూడ్రైవర్‌తో మా కొత్తది తెగ్గొట్టి, ఆ మాట చెప్పకుండా ఎవరో పారేసిన ట్యూబు లోపల పెట్టి కూలీ తీసుకున్నాడు. రిమ్ము అంచుకి రెండు సొట్టలు, లోపలి టేపు చిరిగింది. తెగిందని ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో ట్యూబు నేనే కొనేవాణ్ణి కదా.

అడగడానికి వెళ్తే "నువ్వే ఏదో చేసుకుని ఇప్పుడు నామీద పడతావేటి?" అని నలుగురి ముందు అరిచాడు. పదమూడేళ్ళ పిల్లాడు పక్కనే ఉన్నాడు. వాడి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశాడు, డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ మండుతోంది.

చివరికి ఇంకో ట్యూబు, టేపు తెచ్చి మేమే ఎక్కించాం. రిమ్ము నడుమ గాడి లోతుగా ఉంటుంది, టైరు తీగని ఆ గాడిలోకి నొక్కుతూ వస్తే చివర్లో వదులు దొరుకుతుంది. వాల్వు దగ్గర ట్యూబు మందంగా ఉండి తీగ కిందికి దిగదు కాబట్టి దానికి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. అంచుకి సబ్బు నీళ్ళు రాస్తే చేతులతోనే ఎక్కింది.

షాపులోనే ఎక్కించుకునేవాళ్ళు ట్యూబు మీద పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వండి, బిల్లు తీసుకోండి. ఆ ప్యాచీల ట్యూబు నా దగ్గరే ఉంది, ఎవరికైనా అనుమానముంటే చూపిస్తాను.