గజాల్లో కొలిస్తే ల్యాండ్‌శాట్, సెంటినెల్, లిస్-4... ఏది మేలు?

హైదరాబాద్‌లో స్థలం మాట వస్తే గజాల్లోనే మాట్లాడతాం కదా, ఊళ్లో ఇళ్లెక్కడ, చెరువెక్కడ, చెట్లెక్కడ, రాళ్లెక్కడ అని మ్యాపు గీయడానికి వాడే శాటిలైట్ ఫొటోలనూ అలాగే కొలుద్దాం. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ పిక్సెల్ (ఫొటోలోని అతి చిన్న గడి) ఒక్కో వైపు 30 మీటర్లు, అంటే దాదాపు 1,076 గజాలు. యూరప్ వాళ్ల సెంటినెల్-2ది 10 మీటర్లు, 120 గజాలు. మన ఇస్రో రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరాకైతే 5.8 మీటర్లు, 40 గజాలే. షాద్‌నగర్‌లో మన వాళ్లే దింపుకునే డేటా, పైగా అన్నిటికన్నా స్పష్టం, ఇంకేం కావాలి అనుకుని దాంతోనే మ్యాపు మొదలుపెట్టి పప్పులో కాలేశాను.

లిస్-4కి ఉన్నవి మూడే బ్యాండ్లు, అంటే అది విడివిడిగా కొలిచే కాంతి రకాలు: ఆకుపచ్చ, ఎరుపు, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్. పచ్చటి ఆకు ఎరుపు కాంతిని మింగేసి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను గట్టిగా వెనక్కి కొడుతుంది కాబట్టి చెట్టేదో కానిదేదో తేల్చడానికి ఈ మూడూ చాలు. కానీ ఊళ్లో అసలు తంటా చెట్లతో కాదు. చెరువులో మిగిలిన బురద నీళ్లనీ పక్కనున్న ఇళ్లనీ విడదీయాలంటే షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని ఇంకో రకం కాంతి) బ్యాండ్ ఉండాలి, నీళ్లు దాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తాయి, ఇళ్లు అలా మింగవు. అది సెంటినెల్-2కీ ల్యాండ్‌శాట్‌కీ ఉంది, లిస్-4కి లేదు. (సెంటినెల్‌లో ఆ బ్యాండ్ 20 మీటర్లదే, అంటే 478 గజాలు. 120 గజాల లెక్క అన్ని బ్యాండ్లకీ వర్తించదు.)

ఆ బ్యాండ్ ఉన్నా గట్టెక్కలేనిది ఇంకొకటుంది, మన రాళ్లు. ఖాజాగూడ గుట్టలు నా మొదటి మ్యాపులో అపార్ట్‌మెంట్లయి కూర్చున్నాయి, ఎండాకాలం ఫొటోలో ఎండిన గ్రానైటూ కాంక్రీట్ స్లాబూ ఒకేలా మెరుస్తాయి మరి. దారి చూపింది స్పష్టత కాదు, తేదీలు. వానలు పడ్డాక రాళ్ల సందుల్లో గడ్డి మొలిచి ఆ పిక్సెల్ ఎంతోకొంత పచ్చబడుతుంది, స్లాబు ఏప్రిల్‌లో ఎలా ఉందో అక్టోబర్‌లోనూ అలాగే ఉంటుంది. అందుకే నా ఓటు సెంటినెల్-2కి, 10 మీటర్లని కాదు, 5 రోజులకోసారి వస్తుందని. ల్యాండ్‌శాట్ 8, 9 కలిసినా 8 రోజులు పడుతుంది, మబ్బులు పోగా మిగిలేవి లెక్కేసుకుంటే ఆ తేడా చిన్నదేమీ కాదు.

వానాకాలం మబ్బులకి, రేడియో తరంగాలతో చూసే సెంటినెల్-1 రాడార్ ఉందిగా అంటారు. ఉంది, మబ్బుల్లోంచి చూస్తుంది, కదలని నీళ్లను నల్లగా చూపిస్తుంది. నున్నటి రన్‌వేని కూడా అంతే నల్లగా చూపిస్తుంది కాబట్టి శంషాబాద్‌లో పొడవాటి చెరువు కనిపిస్తే కంగారు పడకండి.

పాత కథ కావాలంటే మాత్రం ల్యాండ్‌శాట్ తప్ప గతి లేదు. సెంటినెల్-2 మొదటిది 2015లో ఎగిరింది, అప్పటికి మాదాపూర్‌లో జరగాల్సిందంతా జరిగిపోయింది. ల్యాండ్‌శాట్-5 1984 నుంచీ తీసింది, సైబర్ టవర్స్ తెరిచిన 1998కి ముందు అక్కడేముందో అందులో దొరుకుతుంది, 2008 నుంచీ అంతా ఉచితం కూడా. అప్పటి నేల ఇళ్లా పొలమా రాయా అని పెద్ద ముక్కల్లో చెప్పగలదు, మీ 200 గజాల ప్లాటు సంగతి దాన్ని అడక్కండి, పిక్సెల్‌లో ఐదో వంతు కూడా కాదు.

ఇంత తిప్పలెందుకు, తయారు మ్యాపులు లేవా అంటే ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో 1:50,000 స్కేల్‌వి ఉన్నాయి. ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. జిల్లా లెక్కకి బాగుంటాయి, కాలనీకి పనికిరావు.

వీటిలో ఏదీ తేల్చనిది మా కాలనీ వెనక చెరువు. గుర్రపుడెక్క కమ్మేసిన నెలల్లో అన్ని మ్యాపుల్లోనూ అది పచ్చిక మైదానమే, ఆ డెక్కను పీకేసిన నెలలో మళ్లీ చెరువు. ఒక్క తేదీ ఫొటో పట్టుకొచ్చి ఇక్కడ నీళ్లే లేవని ఎవరైనా వాదిస్తే కాదనడానికి నా దగ్గరున్నది ఏడాది పొడవునా దించుకున్న సెంటినెల్ ఫొటోల వరస ఒక్కటే.