షెఫ్ లేని రోజున షెఫ్ పబ్‌లో ఏం తినాలి: ఒక జూబ్లీహిల్స్ గ్యాస్ట్రోపబ్ రివ్యూ

టీవీలో చూసిన షెఫ్ పబ్ పెట్టాడంటే జనం ఆయన చేతి వంట తినొచ్చని వెళ్తారు. ఆయనేమో షూటింగ్‌లోనో, ఇంకో ఊళ్లో ఇంకో బ్రాంచి పనిలోనో ఉంటాడు. అందులో తప్పేం లేదు. రెసిపీ ఆయనది, గరిటె వేరేవాళ్లది అని తెలుసుకుని ఆర్డర్ చేస్తే చాలు. ఈ పబ్‌లో వంటకాలు రెండు రకాలు. పొద్దున్నే దాదాపు పనంతా అయిపోయేవి ఒక రకం, టేబుల్‌కి వచ్చే ముందు పది నిమిషాల్లో తేలేవి ఇంకో రకం. మొదటివి ఏ వేళకైనా బాగుంటాయి. రెండోవాటి సంగతి మీరు వెళ్లే టైమును బట్టి ఉంటుంది.

గ్యాస్ట్రోపబ్ అంటే పబ్ పబ్‌లాగే ఉండి, తిండి మాత్రం మంచి రెస్టారెంట్ స్థాయిలో ఉండటం. 1991లో లండన్ క్లర్కెన్‌వెల్‌లోని ద ఈగల్‌తో ఆ మాట వాడుకలోకి వచ్చింది. అక్కడ తెల్లటి టేబుల్ క్లాత్‌లు లేవు, మెనూ నల్లబల్ల మీద రాసేవారు. ఇక్కడా నల్లబల్ల ఉంది గానీ దాని మీద రాసిందీ, చేతిలో పెట్టే మెనూలో ఉన్నదీ ఒకటే. అది అలంకారానికి పెట్టిందన్నమాట.

ముందు చిప్స్ చెప్పండి. కిచెన్ ఆరోజు ఎలా ఉందో అవే చెప్పేస్తాయి. మెనూలో 'ట్రిపుల్ కుక్డ్' అని రాశారు. బ్రిటిష్ షెఫ్ హెస్టన్ బ్లూమెంథాల్ 1990లలో కుదిర్చిన పద్ధతి ఇది. ఆలుగడ్డ ముక్కల్ని ముట్టుకుంటే విరిగిపోతాయేమో అన్నంత మెత్తగా ఉడికించి ఆరబెడతారు. 130 డిగ్రీల నూనెలో రంగు రాకుండా ఒకసారి వేయించి మళ్లీ చల్లారుస్తారు. వడ్డించే ముందు 180 డిగ్రీల్లో చివరి వాయి. ఉడికినప్పుడు అంచుల్లో పడిన చీలికలే నూనెలో గట్టిపడి ఆ కరకరని ఇస్తాయి. మన కట్ మిర్చి బండి దగ్గర చూడండి, ఒక వాయి తీసి పక్కన పెట్టి, ముక్కలు కోసి, గిరాకీ వచ్చాక మళ్లీ నూనెలో వేస్తారు. సూత్రం అదే, ధర మాత్రం ఇక్కడ రూ. 345.

వారం మధ్యలో ఏడు గంటలకు వచ్చే చిప్స్ నిజంగా బాగుంటాయి, చల్లారినా పావుగంట దాకా మెత్తబడవు. శనివారం తొమ్మిది దాటాక కథ మారిపోతుంది. బుట్ట నిండా కుమ్మరిస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది, ముక్క వేగడం మాని నూనె పీలుస్తుంది. పైన ముదురు రంగు, లోపల తడితడిగా వచ్చాయంటే మాత్రం అది నూనె తప్పు కాదు, ఆలుగడ్డది. చల్లటి గోదాముల్లో ఉంచిన గడ్డలో చక్కెర పెరిగి, వేగేలోపే నల్లబడుతుంది. అలా వస్తే మార్చమని అడగండి, మారు మాట లేకుండా మారుస్తారు.

ఫిష్ అండ్ చిప్స్ రూ. 895. బాసా అనే చవక చేపతో సరిపెట్టకుండా పండుగొప్ప వాడుతున్నారు, అందుకు మెచ్చుకోవాలి. బాసాలో నీరు ఎక్కువ, వేగేటప్పుడు ఆ ఆవిరే పైపొరను లోపలినుంచి మెత్తబరుస్తుంది. పూతలో మైదాతో పాటు బియ్యప్పిండి, చల్లటి బీరు కలుపుతారు. మన బజ్జీ పిండిలో బియ్యప్పిండి చేసే పనే ఇక్కడా చేస్తుంది. బీరులో గ్యాస్ ఉంటుంది కాబట్టి పూత పొంగి తేలికవుతుంది. తేడా వచ్చేది ప్లేటులో సర్దేటప్పుడు. కాగితం పరిచి దాని మీద వేడివేడి చేప పెడతారు, మూడు నిమిషాల్లో అడుగు భాగం చెమ్మగిల్లుతుంది. జల్లెడలాంటి స్టాండ్ మీద ఇవ్వమని చెప్తే ఇస్తారు, వాళ్ల దగ్గర ఉంది. టార్టర్ సాస్‌లో పులుపు సరిపోలేదు, నిమ్మచెక్క ఇంకోటి అడగాల్సిందే.

స్కాచ్ ఎగ్ (రూ. 495) హైదరాబాదువాళ్లకి కొత్తేం కాదు. గుడ్డు చుట్టూ ఖీమా పట్టించి వేయించడం మన నర్గీసీ కోఫ్తాలోనూ ఉన్నదే. కోఫ్తాలో గుడ్డు గట్టిగా ఉడుకుతుంది, కోస్తే నర్గీస్ పువ్వులా కనిపించాలి. ఇక్కడ పచ్చసొన జారాలి. అందుకని గుడ్డుని మరిగే నీళ్లలో ఆరు నిమిషాలు ఉంచి వెంటనే ఐసు నీళ్లలో వేస్తారు. దాని మీద మటన్ ఖీమా పలచగా పట్టించి, బ్రెడ్ పొడి అద్ది, 170 డిగ్రీల దగ్గర వేయిస్తారు. ఖీమా మందమైతే అది ఉడికేలోపు సొన గట్టిపడుతుంది. రద్దీ రోజుల్లో ముందే వేయించి పెట్టి మళ్లీ వేడిచేస్తున్నారని సొన చూస్తే తెలిసిపోతుంది: జారదు, చుట్టూ బూడిద పచ్చ వలయం ఉంటుంది. ఎనిమిదిన్నరలోపు అయితేనే చెప్పండి.

ఆలస్యంగా వెళ్తే మటన్ 'పై' (పిండి మూత వేసి బేక్ చేసే కూర) చెప్పండి, రూ. 795. ఈ పబ్‌లో అన్నిటికంటే నమ్మకమైన ప్లేటు ఇదే. ఇంగ్లండులో గొర్రె మాంసంతో చేస్తారు, ఇక్కడ మేక. కొవ్వు తక్కువ కాబట్టి భుజం ముక్కనే తీసుకుని, నల్ల బీరులో మూడు గంటల పాటు సన్నటి మంట మీద ఉడికిస్తారు. కూర పూర్తిగా చల్లారాకే పిండి మూత వేస్తారు. వేడి మీద వేస్తే వెన్న కరిగి పొరలు విచ్చుకోవు. మూత మధ్యలో ఆవిరికి చిల్లు కూడా మర్చిపోలేదు. మూత మాత్రమే ఉంటే అది పై కాదని వాదించే ఇంగ్లీషువాళ్లున్నారు, ఆ గొడవ మనకెందుకు?

హలీమ్ స్లైడర్ వద్దు. బన్నులో హలీమ్ పెడితే బన్ను తడిసిపోతుంది, హలీమ్ చల్లారిపోతుంది. రంజాన్ దాకా ఆగండి.

శాకాహారులకు పుట్టగొడుగుల పై ఒక్కటే గట్టి వంటకం. మిగతావన్నీ పనీర్‌కు వేషాలు మార్చినవే.

డ్రాఫ్ట్ బీరు (సీసాలోది కాదు, గొట్టం నుంచి గ్లాసులోకి పట్టేది) బాగానే నడుపుతున్నారు. గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదని అర్థం, మార్పించుకోండి. వెన్న వాసనో, పులిసిన వాసనో వస్తే గొట్టాలు శుభ్రం చేయలేదన్నమాట. ఇక్కడ ఆ రెండూ లేవు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తే మాత్రం కంగారు పడొద్దు, అది ఈస్టు నుంచి రావాల్సిన వాసనే.

స్టికీ టాఫీ పుడ్డింగ్ (ఖర్జూరం కేకు, పైన తియ్యటి సాస్; రూ. 425) ఇద్దరికి సరిపోతుంది. ఖర్జూరాన్ని వేడినీళ్లలో సోడా ఉప్పు వేసి నానబెడతారు, తొక్క కరిగిపోయి పిండిలో కలిసిపోతుంది. సాస్‌లో బెల్లం వాడారు, షెఫ్ ఆలోచనల్లో నిజంగా పనిచేసింది ఇదొక్కటే.

బిల్లు చూసి కట్టండి. తిండి మీద జీఎస్టీ 5%. మద్యం జీఎస్టీ కిందకి రాదు, దాని మీద వ్యాట్ విడిగా ఉంటుంది. రెండూ కలిపేసి మొత్తం మీద 5% వేశారేమో గమనించాలి. సర్వీస్ ఛార్జ్ 10% బిల్లులోనే కలిసి వస్తుంది. అది తప్పనిసరి కాదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. తీసేయమంటే మేనేజర్ ముఖం కాస్త మారుతుంది గానీ తీసేస్తాడు. ఇద్దరు తిని చెరో రెండు బీర్లు తాగితే నాలుగున్నర వేల దాకా అవుతుంది.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు, కుర్రాళ్లుగా కనిపిస్తే గేటు దగ్గరే ఐడీ అడుగుతారు. కారు ఇంట్లోనే వదిలేయండి. వ్యాలెట్ ఆలస్యం ఒకటి, పోలీసుల చెకింగ్ ఇంకొకటి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. టేబుల్ బుక్ చేసేటప్పుడు మేడ మీద కిచెన్ వైపు అడగండి. డీజే స్పీకర్లు కింద ఉన్నాయి.