సోమవారం సాయంత్రం మూసే టిఫిన్ హోటలు

గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, సందులో ఉండే ఈ హోటలుకు ఇరవై ఏండ్లుగా పోతా ఉండా. పోయిన సోమవారం సాయంత్రం మదరాసు నుంచి వచ్చిన మా బామ్మర్దిని గొప్పగా పిల్చుకుని పోతే షట్టరు దించేసి ఉంది. పక్కన గోడమీద పెయింటు అక్షరాలు: 'సోమవారం సాయంత్రం సెలవు'. పొద్దుపూట తినేవాణ్ణి, ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు. బామ్మర్ది ముందు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొంగలి తింటా గల్లాపెట్టె దగ్గరుండే హోటలాయన్ని నిలదీసినా.

"మా తాత పెట్టిన కట్టుబాటు అయ్యోరా. శాస్త్రిగారి నాటిది."

ముప్పై ఏండ్లు సోషల్ చెప్పినోణ్ణి, ఆ ఒక్క ముక్క చాలు. 1965లో ఒకపక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోపక్క వానల్లేవు, గోధుమలేమో పి.ఎల్. 480 అనే అమెరికా తిండిగింజల సాయం కింద ఓడల్లో రావాల. అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట తిండి మానుకోమని జనాన్ని అడిగినాడు. ముందు తన ఇంట్లో పస్తుండి చూసి, ఆ తర్వాతే బయట చెప్పినాడంటారు. చట్టం లేదు, జరిమానా లేదు. అయినా సోమవారం సాయంత్రాలు దేశంలో ఎన్నో హోటళ్లు మూసేసినారు.

మా అవ్వకు సోమవారం ముందునుంచీ శివుడి ఒక్కపొద్దే. "ఎట్లాగూ తినేదానివి కాదు, దేశానికి నువ్వు కొత్తగా ఇచ్చిందేముంది?" అని తాత ఎగతాళి చేస్తే, "శివుడి పూట శివుడికి, శాస్త్రి పూట శాస్త్రికి" అని గురువారం రాత్రి కూడా మానేసిందంట.

హుకుం అయితే కథ వేరే. 1962లో చైనా యుద్ధమప్పుడు రక్షణ నిధికి ఆడవాళ్లు గాజులు తీసి ఇచ్చినారు. అడిగితే ఇచ్చినారు. 1963 జనవరిలో బంగారు నియంత్రణ తెచ్చి 14 క్యారెట్లు దాటి కొత్త నగ చెయ్యకూడదనేసరికి మా వీధి ఆచారి కుంపటి చల్లారిపోయింది. యుద్ధం అందరిదీ, పస్తు ఆయనొక్కడిదీ. ఇట్లాంటి చోటే జనానికి మండుతుంది. బ్రిటన్‌లో 1940 నుంచి వెన్న, చక్కెర రేషనుకే. డబ్బున్నోళ్లు హోటళ్లలో మెక్కుతున్నారని జనం గుర్రుమంటే, 1942లో హోటలు భోజనం 5 షిల్లింగులు దాటకూడదని గీత గీసినారు. పెద్ద హోటళ్లకు సందులు దొరికినాయి లెండి, అది ఎక్కడైనా ఉండేదే.

సరే, తిండి సంగతి. పొంగలికి వంక పెట్టలేం. నెయ్యి చేతికంటుతుంది, మిరియం పంటికింద తగుల్తుంది. చెనక్కాయల చట్నీలో పులుపు సరిగ్గా పడింది. సాంబారు మాత్రం ఎనిమిది దాటితే నీళ్లే. రెండుసార్లు చెప్పినా, నవ్వి ఊరుకున్నాడు. ఉండేది ఆరు బల్లలు, ఆదివారం కొండకొచ్చినోళ్లతో కాలు పెట్టే సందుండదు.

మూసిన పూటకు పనోళ్ల కూలి కొయ్యడంట. అది నాకు నచ్చింది.

"యుద్ధమైపోయి అరవై ఏండ్లయింది కదప్పా, ఇంకా ఎందుకు?" అంటే చిల్లర లెక్కపెడతానే చెప్పినాడు.

"మూయమన్నాయన సంధికని తాష్కెంట్ పోయి, ప్రాణంతో తిరిగి రాలేదు. ఇంక తెరవమని ఎవురు చెప్తారయ్యోరా?"

అయిదుకు నాలుగు చుక్కలు. ఒకటి సాంబారుకు కోసినా. బామ్మర్దిని ఈసారి మంగళవారం రమ్మన్నా.