బోర్డు మారినా పోని విండోస్ లైసెన్స్: చాలాకాలం వాడాక నా మాట

రాజోలు దగ్గర నాది జిరాక్స్, డీటీపీ షాపు. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇక్కడ ఇనప గేట్లే చిలుం పట్టిపోతాయి, కంప్యూటర్ మదర్‌బోర్డు ఏపాటి? దానికి తోడు వానాకాలంలో కరెంటు పోయి వచ్చేటప్పుడు ఓల్టేజీ గొడవ. మా సిస్టమ్‌కి బోర్డు మార్చడం మామూలైపోయింది. అందుకే చెబుతున్నా, విండోస్ ప్రో రిటైల్ లైసెన్స్, అంటే విడిగా కొనుక్కుని బోర్డు మారినా కొనసాగించుకునే లైసెన్స్, ధర ఎక్కువే అయినా మా ప్రాంతంలో ఆ డబ్బు దండగ కాదు.

డిజిటల్ లైసెన్స్, అంటే మన సిస్టమ్‌కి విండోస్ హక్కు ఉందని మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండే నమోదు, ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. ర్యామ్ మారిస్తే సాధారణంగా ఏమీ అనదు. బోర్డు మారిస్తే మాత్రం స్క్రీన్ కింద కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని వచ్చి కూర్చుంటుంది. అప్పుడు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్, అక్కడ ట్రబుల్‌షూట్. హార్డ్‌వేర్ మార్చానని చెప్పే లింకు నొక్కి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ అకౌంట్‌లో ఉన్న సిస్టమ్‌ల పేర్లు వస్తాయి. మనది ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదేనని టిక్ పెడితే సరి. ఆ జాబితాలో ‘డెస్క్‌టాప్’ పక్కన ఏవో అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లే ఉంటే ఏది ఏదో తెలియదు. నేను ముందే ‘షాపు డీటీపీ’ అని పేరు పెట్టుకున్నాను, చూడగానే దొరికింది.

ఇదంతా జరగాలంటే బోర్డు పోకముందే లైసెన్స్ అకౌంట్‌కి లింకై ఉండాలి. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి ఈ వీలుంది. హోమ్ లైసెన్స్ ఉన్నవాళ్లు కొత్త బోర్డు మీద ప్రో ఎక్కిస్తే కుదరదు, ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి విండోస్ రకం) ఒకటే కావాలి.

కంపెనీ సిస్టమ్‌తో వచ్చే ఓఈఎం లైసెన్స్ సంగతి వేరు. అది మొదటి బోర్డుకే పరిమితం. మా వీధిలో రొయ్యల మేత కొట్టాయన బజార్లో దొరికిన బోర్డు వేయించాక మళ్లీ లైసెన్స్ కొనాల్సి వచ్చింది. పాపం, సీజన్ మధ్యలో ఆ ఖర్చు.

నాకు అసలు టెన్షన్ పెట్టింది యాక్టివేషన్ కాదు, బిట్‌లాకర్. డిస్క్‌లో ఉన్నదానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు అది. ఆ డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే కస్టమర్ల శుభలేఖల ఫైళ్లన్నీ లోపలే ఉండిపోతాయి. నా కీ అకౌంట్‌లోనూ ఉంది, ప్రింట్ తీసి బీరువాలోనూ పెట్టాను. ఈమధ్య కొన్న రెండో సిస్టమ్‌కీ రిటైలే తీసుకున్నాను.